అక్క వాటా

ఆ వేసవిలో మైదానమంతా గాలించినా నిలబడి ఉన్న గడ్డి అల్లాల్ చేలో తప్ప ఇంకెక్కడా లేదు. వరసగా మూడో ఏడు వాన మొహం చాటేసింది. చుట్టూ ఉన్న చేలన్నీ దున్నారు, విత్తారు, మొలవని గింజల్ని పిచ్చుకలకి వదిలేశారు. ఇప్పుడవి బోడిగా పడున్నాయి. తూర్పుగాలి లేచిందంటే ఆ చేలలోని ఎర్రమట్టి ఊరి మీదికి వచ్చేది. ఆడవాళ్ళు రొట్టెపిండి మీద గుడ్డ కప్పడానికి పరుగెత్తేవాళ్ళు. అల్లాల్ చేలో మాత్రం బార్లీ కొయ్యకాళ్ళు మోకాలెత్తున నిలబడి మట్టిని కదలనిచ్చేవి కావు. రాతిగోడకి అవతల నుంచి ఊళ్ళో గొర్రెలన్నీ వాటినే చూసేవి. గొర్రెల వెనక మనుషులూ చూసేవాళ్ళు.

అల్లాల్ దున్నడం మానేసి పదేళ్ళ పైమాట. సహకార సంఘం వాళ్ళ యంత్రం ఒకటుంది. అది నేలని తిరగెయ్యదు; పాత కొయ్యకాళ్ళ మధ్య సన్నగా గీత కోసి గింజ జారవిడుస్తుంది, అంతే. మొదటి ఏడు ఊరంతా ముక్కున వేలేసుకుంది. పక్క చేను మీలూద్ అయితే కోతల దాకా నవ్వుతూనే ఉన్నాడు.

"ఏమబ్బా అల్లాల్, నాగలి ముట్టని రైతూ నమాజు చదవని ఇమామూ ఒకటే గదా! రేపట్నుంచి మసీదు మిద్దెక్కి నోరు తెరవకుండానే అజాన్ కూడా ఇయ్యి, సరిపోతాది!"

దున్నకపోవడాన్ని జనం అలా నవ్వి వదిలేశారు గాని, కొయ్యకాళ్ళ సంగతి నవ్వి వదిలేసేది కాదు. ఈ వైపు చేను రైతుదయ్యేది కోతల దాకానే. ఆఖరి పనకట్ట ఇంటికి చేరిందంటే దారికి అడ్డం పెట్టిన రేగుకంప తీసేస్తారు. ఆ తర్వాత ఎవరి గొర్రె ఎవరి చేలో మేస్తోందని ఎవరూ అడగరు. కంప తియ్యనివాడంటే, చుట్టాలు గుమ్మంలో ఉండగా తలుపు గడియ పెట్టుకున్నవాడి కింద లెక్క. అల్లాల్ కంప తియ్యలేదు. గడ్డి నేల మీదే ఉండాలన్నాడు, నేలకీ తిండి కావాలన్నాడు. గొడవ పెద్దమనుషుల దాకా వెళ్ళింది.

మసీదు గోడ నీడలో కూర్చుని హాజీ బూషైబ్ తీర్పు చెప్పాడు. ముసలాయన మాట మెత్తగా ఉంటుంది గాని, ఒకసారి నోట్లోంచి వచ్చాక కదలదు.

"కోతలప్పుడు గొర్రెలుండే ప్రతి ఇంటికీ గడ్డిమోపులు పంపించు. ఆ పైన కంప ఏసుకో, ఎవురూ అడగరు. అయితే ఒకటి గుర్తు పెట్టుకో అబ్బీ. మూసినోడు అందరికీ మూయాల. ఒక్క పరాయి గొర్రె నీ చేలో మూతి పెట్టిందా, ఆ పొద్దే చేను ఊరిది."

అల్లాల్ తన గడ్డం మీద చెయ్యేసి, ఒట్టు పెట్టి ఒప్పుకున్నాడు. వానలు బాగున్న ఏళ్ళలో ఆ మాట ఎవరికీ గుర్తు కూడా రాలేదు. ఎక్కడ చూసినా మేతే ఉంటే పిచ్చి అల్లాల్ చేను ఎవడిక్కావాలి?

పట్నంలో నేలల పరీక్ష చేసే ఖౌలా అనే అమ్మాయి ఏటా తొలివానలకి ముందు వచ్చి, ఆ చేలో ఇనపగొట్టం దింపి మట్టి తీసుకుపోయేది. ఈ మట్టిలో ఏం వెతుకుతున్నావని మొదటిసారే ఆమెని పట్టుకుని అడిగాడు అల్లాల్.

"బొగ్గు పెద్దయ్యా," అందామె. "గాల్లో కంటికి కనపడని బొగ్గుంది. మొక్క దాన్ని తినే బతుకుతుంది, కొంత వేళ్ళకి పంపిస్తుంది. వేరు చచ్చినా ఆ బొగ్గు మట్టిలో ఉండిపోతుంది. నాగలి పెట్టి తిరగేస్తే మళ్ళీ గాల్లోకి లేచిపోతుంది. పైన అది ఎక్కువయ్యే ఎండలు ఇట్లా ముదురుతున్నాయి."

"అయితే నేను ఎండని పూడ్చి పెడతాండానా?"

"కొంచెం," అని నవ్విందామె. "మన నేలల్లో చేరేదంతా కొంచెమే పెద్దయ్యా. అది చేరడానికి ఏళ్ళు పడుతుంది. పోవడానికి మాత్రం ఒక్క ఎండాకాలం చాలు."

పైనున్న ఆకాశం సంగతి అల్లాల్ బుర్రకి అంతగా ఎక్కలేదు. అతనికి తెలిసింది చేతికి తగిలిందే. గడ్డి పక్కకి తోసి వేలు గుచ్చితే మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా తగిలేది. ఇటుకపొడిలా ఉండే నేల ఖర్జూరం రంగుకి తిరిగింది. కురిసిన నాలుగు చినుకులూ పారిపోకుండా పడ్డచోటే ఇంకేవి. పొద్దున్నే వెళ్ళి ఎక్కడో ఒకచోట గడ్డి ఎత్తి చూసి, మళ్ళీ జాగ్రత్తగా కప్పి వచ్చేవాడు. భార్య ఫత్నా మూతి తిప్పేది.

"నిద్ర లేస్తానే ఆ మట్టిని పలకరించి వస్తావు. నేను ఈ ఇంట్లోనే ఉండాననేది గుర్తుందా?"

కరువు మొదటి రెండేళ్ళూ ఊళ్ళో చేలన్నీ ఎండిపోతే అల్లాల్‌కి తిండిగింజలు దక్కాయి. నవ్వినవాళ్ళు నవ్వడం మానేశారు. మూడో ఏడు అతనికీ విత్తనానికి మించి రాలేదు. కంకులు మాత్రం దూసుకుని గడ్డి మొత్తం చేలోనే వదిలేశాడు. కాబట్టి ఈసారి ఎవరింటికీ మోపులు వెళ్ళలేదు. కరువేడు కదా అని హాజీ ఇంకా ఆ మాట ఎత్తలేదు గాని, ఊరు కంపకి ఒప్పుకున్నది ఆ మోపులు చూసే. అది అల్లాల్‌కి తెలుసు, తెలిసే కళ్ళు దించుకుని తిరుగుతున్నాడు.

ముందుగా మీలూద్ వచ్చాడు. ఫత్నా పుదీనా టీ పోసింది. వాన సంగతులు, మోకాలి నొప్పుల సంగతులు అయ్యాక మీలూద్ గ్లాసు కింద పెట్టాడు.

"అల్లాల్, మా గొర్రెలు గోడకుండే సున్నం నాకుతాండాయి."

"సూసినా."

"సూలుతో ఉండేటివి పండుకుంటే లేవలేకపోతాండాయి. నీ చేలో ఒక కొసాకు మేపుకుంటా. నేనే దగ్గరుండి తోలుకుంటా, ఇంకోడికి తెలియనీను."

"ఈ గడ్డి పోతే కింద నేల నిలవదు మీలూద్. ఈ గాలికి ఒక్క నెల కూడా ఓర్చుకోదు. పదేండ్లది పోతాది."

"మట్టికి మేత పెట్టి గొర్రెల్ని సంపుకుంటామా? ఇదేం న్యాయమబ్బా?"

మీలూద్ అబద్ధాలాడే మనిషి కాదు, అతని గొర్రెలు నిజంగానే గోడలు నాకుతున్నాయి. "వానలొస్తే మోపులు రెండింతలు ఇస్తా," అన్నాడు అల్లాల్ చివరికి. మీలూద్ చెప్పులేసుకుంటూ, "వానొస్తే నీ మోపులు మాకేంటికి?" అని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత వచ్చినవాళ్ళకీ అల్లాల్ అదే మాట చెప్పాడు. ఒక్కొక్కరే అతని సలాముకి ఎటో చూస్తూ బదులివ్వడం మొదలుపెట్టారు.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున అక్క ఇజ్జా వచ్చింది.

ఇజ్జా ఎండిన వాగుకి అవతలి ఊళ్ళో ఉంటుంది. మొగుడు పోయాడు, కూతుళ్ళు అత్తవారిళ్ళకి వెళ్ళారు, మిగిలినవి గొర్రెలే. వాటి పాలూ ఉన్నీ పిల్లలే ఆమె బతుకు. అల్లాల్‌కి ఊహ తెలిసేసరికి తల్లి లేదు. అక్క వీపు మీదే పెరిగాడు. తండ్రి పోయినప్పుడు ఆ చేలో తమ్ముడికి రెండు పాళ్ళూ అక్కకి ఒక పాలూ రావాలి. అది దేవుడు పెట్టిన లెక్క, మసీదులో ప్రతివాడికీ తెలిసిందే. అయినా ఈ వైపు ఆడది ఆ ఊసెత్తదు. ఎత్తనంత కాలం పుట్టింటి తలుపు ఆమెకి తీసే ఉంటుంది. ఎత్తిందంటే వాటా వస్తుంది, కాదనే దమ్ము ఎవడికీ లేదు. కాని ఆ రోజు నుంచీ "తమ్ముణ్ణి తిన్నది" అన్న పేరు మిగులుతుంది. పెళ్ళిళ్ళకి పిలవరు, బావి దగ్గర చోటివ్వరు. దేవుడి లెక్కని తప్పనలేక మనిషి పెట్టుకున్న శిక్ష ఇది. ఇజ్జా ఎప్పుడూ వాటా అడగలేదు. వదిలేశానని కూడా అనలేదు. ఆమె ఊరుకోవడాన్నే ఊరు వదిలెయ్యడం కింద జమకట్టింది.

"సంతకి తోలుకపోతాండా," అంది ఇజ్జా గుమ్మంలో నిలబడే. వెనక గొర్రెలు డొక్కలు అంటుకుపోయి ఉన్నాయి. "దారిలో నీ మొగం సూసి పోదామని."

"అన్నీ అమ్మేస్తావా అక్కా?"

"అన్నీ. ఎముకల రేటు ఇస్తారంట. సచ్చినాక పారేసేకంటే నయం గదా."

"అమ్మేసినాక ఏం జేస్తావు?"

"నువ్వుండావు గదరా. ఫత్నాని అడిగి వంటింట్లో ఒక మూల ఇప్పియ్యి. ఉల్లిగడ్డలు ఒలుచుకుంటా కూకుంటా."

అని నవ్వింది. ఎవరి గుమ్మంలోనూ ఒక్కపూట ఊరికే తినని మనిషి అలా నవ్వుతుంటే అల్లాల్‌కి మొహం చెల్లలేదు; గొర్రెల వైపు తిరిగాడు.

ఈలోగా గొర్రెలకి గడ్డి వాసన తగిలింది. అన్నీ గోడ వెంట చేరి అరవడం మొదలుపెట్టాయి. ఒకటి ముందుకాళ్ళ మీద కూలబడి మళ్ళీ లేవలేదు. అల్లాల్ చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళి రేగుకంప పక్కకి ఈడ్చేశాడు. ముళ్ళు అరచేతిలో దిగిన సంగతి కూడా తెలియలేదు.

"రేయ్, వద్దు," అంది ఇజ్జా. "హాజీ మాట మర్సిపోయినావా?"

"పరాయి గొర్రె అన్నాడు. నువ్వు పరాయిదానివా? ఈ ఇంట్లో పుట్టినదానివి. ఒక పూట మేసి పోతాయి, అంతే గదా."

ఇజ్జా మళ్ళీ వద్దనలేదు. అనాల్సిందని ఆమెకి తెలుసు. గొర్రెలు తలలు వంచి గడ్డి కొరుకుతున్న చప్పుడు ఎన్నాళ్ళకో చెవిన పడేసరికి, గోడ మీద చెయ్యి పెట్టి అలా నిలబడిపోయింది.

అల్లాల్ చేసిన పొరపాటు అదే. తోడబుట్టినది పరాయిదెలా అవుతుందని అతని గుండె అడిగింది, అతను గుండె మాట విన్నాడు. ఊరికి వేరే లెక్క ఉంది.

మిద్దెల మీద ఉన్నిబట్టలు ఆరేస్తున్న ఆడవాళ్ళు చూశారు. ఎండ నెత్తిమీదికి రాకముందే ఊరి నలువైపులా దుమ్ము లేచింది. మందలన్నీ కదిలి వస్తున్నాయి. కాపరులు వాటిని తోలక్కర్లేదు, అవే పరుగెడుతున్నాయి. వెనక వచ్చేవాళ్ళ మొహాల్లో కోపం లేదు, అది చూసే అల్లాల్‌కి ఎక్కువ భయం వేసింది. "దేవుడు నీ ఇంటికి బరకత్ ఇయ్యాల అల్లాల్!" "నిన్ను కన్న కడుపు సల్లగుండ!" అని దీవిస్తూ వస్తున్నారు. మీలూద్ కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి.

అల్లాల్ కంప దగ్గర రెండు చేతులూ చాచి అడ్డం నిలబడ్డాడు.

"ఆగండప్పా! నేను తెరిచింది మా అక్కకి. ఊరికి కాదు."

"తెరిచినావా లేదా, అది చెప్పు," అన్నాడు మీలూద్.

"ఆమె పరాయిదా మీలూద్?"

అప్పటికి హాజీ బూషైబ్ కంచరగాడిద మీద వచ్చాడు. దిగి, ఎవరితోనూ మాట్లాడకుండా చేలోకి నడిచి, ఒక గొర్రె చెవి పట్టుకుని, యజమాని గుర్తుగా పెట్టిన కోత తిప్పి చూశాడు.

"ఈ చెవి కోత ఎవురిది అల్లాల్?"

"మా బావది."

"బావ ఇంటి గొర్రె నీ ఇంటిదెట్ల అయితాది? ఆడబిడ్డ ఇక్కడ పుట్టిందే, నేను కాదనను. పెండ్లయినాక ఆ ఇంటి మనిషి. ఈ నేలలో ఆమెకి వాటా ఉంటే ఆమె గొర్రెలు ఆమె నేలలో మేసినట్టు, నేను ఇట్లే ఎనక్కి పోతా. వాటా లేదు. కాబట్టి పరాయి గొర్రెలు. పక్కకి జరుగు అబ్బీ. నీ నోటితో నువ్వు ఒప్పుకున్న మాటే ఇది."

అల్లాల్ వెనక్కి తిరిగి చేను చూశాడు. ఇన్ని మందలు దిగితే సాయంత్రానికి వేళ్ళు కూడా మిగలవు. గిట్టల కింద నేల పిండి అవుతుంది. తూర్పుగాలికి ఆ పిండి లేచి ఎక్కడికి పోతుందో ఎవరికీ తెలియదు. పక్కకి జరగాలనే ఉంది అతనికి, మాట ఇచ్చినవాడు కనక. కాళ్ళు జరగలేదు.

"నాకు వాటా లేదని ఎవురు చెప్పినారు హాజీ?"

ఇజ్జా గొంతు. గోడ దగ్గర్నుంచి నడిచి వచ్చి తమ్ముడి పక్కన నిలబడింది.

"వదిలేసినానని నా నోటితో ఎప్పుడన్నా అన్నానా? మా నాయన నేలలో మూడో పాలు నాది. దేవుడు రాసిచ్చింది. నా పాలు నాకియ్యమని తమ్ముణ్ణి అడిగినా. నా గొర్రెలు నా నేలలో మేస్తాండాయి. ఎవురి చేనూ తెరుచుకోలేదు, ఎవురూ లోపలికి రావాకండి."

వెనక ఎవరో ముసలామె "అయ్యో, ఏం కాలమొచ్చిందే!" అంది. మీలూద్ ఇజ్జా వంక ఒకసారి చూసి మొహం తిప్పుకున్నాడు. చిన్నప్పుడు ఆమె చేతి రొట్టె తిన్నవాడే.

హాజీ గడ్డం నిమురుకున్నాడు. ఆయనకి కూడా ఇది కష్టంగానే ఉంది.

"గుంపుని సూసి ఇప్పుడు అన్న మాట చెల్లదమ్మా. ముందే అడిగుంటే అది వేరు." అని అల్లాల్ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. దేవుణ్ణి తలుసుకోని చెప్పు. మీ అక్క నిన్ను వాటా అడిగిందా లేదా?"

ఇజ్జా అతన్ని ఎన్నడూ ఒక్క మాట అడగలేదు. అడగలేదని చెబితే, పాపం గొర్రెల మీది బెంగతో ఏదో నోరు జారిందిలే అని ఊరు మర్చిపోతుంది. అక్క పేరు నిలుస్తుంది, చేను పోతుంది. అడిగిందని చెబితే చేను నిలుస్తుంది, అక్క పోతుంది. మధ్యలో ఇంకో దారి ఉందేమోనని అల్లాల్ వెతుక్కున్నాడు. లేదు. అక్క మొహంలోకి చూశాడు. ఆమె రెప్ప వెయ్యకుండా చూస్తోంది. చిన్నప్పుడు చేదుమందు నోట్లో పోసి, మింగేదాకా అలాగే చూసేది.

"అడిగింది," అన్నాడు. "పోయినేడే అడిగింది. పరువు పోతాదని నేనే దాచినా."

ముందున్నవాళ్ళు తమ గొర్రెల్ని కర్రలతో వెనక్కి మళ్ళించడం మొదలుపెట్టారు. గడ్డి కళ్ళబడ్డాక అవి తిరగనని మొరాయించాయి. కొట్టి కొట్టి తోలుకెళ్ళాల్సి వచ్చింది. మీలూద్ పోతూ పోతూ అల్లాల్ భుజం మీద చెయ్యి వేశాడు.

"నీ బాధ తెలియక నిన్ను నానా మాటలు అనుకున్నా. మన్నించబ్బా. సొంత అక్కే ఇట్లా జేస్తే నువ్వు మాత్రం ఎవురికి చెప్పుకుంటావు?"

ఇజ్జా వైపు ఒక్కరూ చూడలేదు.

ఫత్నా ఆ రోజు వంట చెయ్యలేదు. అన్నీ తెలిసిన మనిషి. మొగుడు లోపలికి వచ్చి కూర్చున్నాక అంది:

"మట్టి కోసం అక్కని ఇచ్చేసినావు."

"ఆమే ఇచ్చింది ఫత్నా. నేను అడగలేదు."

"ఆమె ఇస్తాది. ఆమె ఎప్పుడు ఇయ్యలేదు? తీసుకునేటోడికి ఉండాల."

వారం తిరక్కుండా ధర్మశాస్త్రం తెలిసిన ఇద్దరు వచ్చి తాడు వేసి చేను కొలిచి, మూడో పాలు దగ్గర రాళ్ళు పాతారు. తాడు ఒక కొస అల్లాల్ పట్టుకున్నాడు, ఇంకో కొస ఇజ్జా. అంత దూరం నుంచి మాట్లాడుకోవడానికి వీల్లేదు, దగ్గరికి వస్తే చూసేవాళ్ళున్నారు. ఇజ్జా తన పాలులో గొర్రెల్ని కొన్నాళ్ళే మేపింది. గడ్డి సగానికి దిగగానే వాటిని బయటికి తోలేసింది. ఎక్కువ భాగం సంతలో అమ్మి, నాలుగు మంచివి మిగుల్చుకుంది. మీలూద్ మంద మొత్తం అమ్మేశాడు. అతని ఖాళీ దొడ్డి ముందు నుంచి వెళ్ళాల్సి వచ్చినప్పుడల్లా అల్లాల్ చుట్టుదారి పట్టేవాడు. తప్పెవరిదని ఈ ఊళ్ళో ఇప్పటికీ వాదించుకుంటారు. ఎండలు ఇలా ముదరడానికి ఈ ఊళ్ళో ఒక్క పొయ్యి కూడా కారణం కాదు; ఆ మాట మాత్రం ఎవరూ అనరు.

అన్నిటికంటే నరకం ఓదార్పులు. సలాముకి మొహం తిప్పుకున్నవాళ్ళే ఇప్పుడు రొట్టె, మజ్జిగ పట్టుకుని వచ్చి కూర్చునేవాళ్ళు. అల్లాల్‌ని సంతోషపెట్టడానికి ఇజ్జాని తిట్టేవాళ్ళు. ముసలిదానికి ఆస్తి పిచ్చి పట్టిందనీ, మొగుణ్ణీ అదే తినుంటుందనీ. అల్లాల్ తల వంచుకుని వినేవాడు. ఔననలేడు, కాదనలేడు. ఇజ్జా పెద్దకూతుర్ని అత్తగారు "మీ అమ్మ బుద్ధులే నీకూ" అని ఎత్తిపొడుస్తోందని తెలిసినప్పుడు చేలోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

తొలివానలకి ముందు ఖౌలా వచ్చింది. మట్టి తీసుకుపోయి, మళ్ళీ తనే పనిగట్టుకుని వచ్చి చెప్పింది.

"నిలబడింది పెద్దయ్యా! ఇంత కరువులోనూ నీ నేల్లో బొగ్గు నిలబడింది. ఈ చుట్టుపక్కల పోకుండా ఉన్నది నీ చేనొక్కటే."

ఆ పిల్ల సంతోషంతో మెరిసిపోతోంది. ఎంత అని ఏటా అడిగే అల్లాల్ ఈసారి అడగలేదు. "నాది ఒక్కడిదే కాదు తల్లీ, మా అక్కదీ," అని మాత్రం అన్నాడు.

వాన వచ్చింది. నాలుగో ఏటికి వచ్చింది, వచ్చి ఆగకుండా కురిసింది. బోడి చేలలో నీళ్ళు ఎర్రగా వాగులోకి పరుగెత్తాయి. అల్లాల్ చేలో కొయ్యకాళ్ళ మధ్య నిలిచి నెమ్మదిగా ఇంకాయి. యంత్రం వచ్చి గీతలు కోసి గింజలు వేసి వెళ్ళింది. బార్లీ మొలిచింది.

ప్రవక్త పుట్టినరోజు పండగ వచ్చింది. ఆ పండక్కి పెళ్ళైన ఆడబిడ్డల ఇళ్ళకి పుట్టింటివాళ్ళు చక్కెర దిమ్మ పట్టుకెళ్ళడం రివాజు. వాటా తీసుకున్నదానికి ఎవరూ పట్టుకెళ్ళరు. అల్లాల్ రెండు రోజులు తనని తాను బిగబట్టుకున్నాడు. పండగ పొద్దున ఫత్నా మాట్లాడకుండా నీలం కాయితంలో చుట్టిన దిమ్మ తెచ్చి అతని ఒళ్ళో పెట్టింది. అది తన పొడుగు అంగీ జెల్లాబాకి వెనక వేలాడే టోపీలో దాచుకుని, మోకాళ్ళ దాకా నీళ్ళు పారుతున్న వాగు దాటి, అక్క ఊరికి వెళ్ళాడు.

ఇజ్జా ఇంటి ఎదురుగానే బావి. పండగ పూట కావడంతో ఆడవాళ్ళు కడవలతో గుంపుగా ఉన్నారు. అల్లాల్ దిమ్మ బయటికి తీసి తలుపు తట్టాడు. తలుపు తీసి తమ్ముణ్ణి చూసిన ఇజ్జా మొహం విప్పారింది. మరుక్షణం ఆమె చూపు అతని భుజం మీదుగా బావి వైపు పోయింది.

"ఏంటికొచ్చినావురా?" అని అరిచింది. "ఇచ్చిన వాటా ఎనక్కి అడుక్కునేదానికా? నీ చక్కెర నువ్వే నాక్కోపో!"

అల్లాల్ బిత్తరపోయాడు. ఆమె దిమ్మని లాక్కుని అతని రొమ్మున పెట్టి నెట్టింది. అలా నెడుతూ దగ్గరికి వచ్చి, పెదవులు కదలకుండా అడిగింది:

"మొలకలు వచ్చినాయా?"

"వచ్చినాయక్కా. నీ పాలులో ఇంకా ఒత్తుగా వచ్చినాయి."

"నేల?"

"నల్లగుంది. వేలు పెడితే దిగిపోతాది."

ఇజ్జా కళ్ళు నిండాయి. అవి కనపడకుండా తల పక్కకి తిప్పి, "పో ఇంక," అంది గొణుగుతూ. "నువ్వు నాకు పండగ తెచ్చినావంటే ఆ పొద్దు మనం చెప్పింది అబద్ధమని తెలిసిపోతాది. కంప పీకేస్తారు. నా ఆయుస్సు ఉన్నంతవరకూ మళ్ళా రావాకు." ఆ వెంటనే బావి దాకా వినపడేట్టు, "ఇంకోసారి నా గడప తొక్కితే కాళ్ళు ఇరగ్గొడతా!" అని తలుపు దబామని వేసింది. లోపల గడియ పడింది.

బావి దగ్గరి ఆడవాళ్ళు చెవులు కొరుక్కున్నారు. వాళ్ళలో పెద్దామె ఒకతె అల్లాల్‌ని పిలిచి, కడవ వంచి నీళ్ళు పోసింది.

"అట్లాంటిదాని కోసం పండగ పూట వాగు దాటుకోని వచ్చినావా నాయనా? ఎంత మంచి తమ్ముడివి! తోడబుట్టినోణ్ణి తిన్న కడుపు అది. నీ విలువ దానికేం తెలుస్తాది?"

ఆ తలుపు వెనకే అక్క నిలబడి ఉందని అల్లాల్‌కి తెలుసు. చెప్పాల్సిన మాట గొంతు దాకా వచ్చింది. దోసిలిలో నీళ్ళు తాగి, ఆ మాటని కూడా వాటితో మింగాడు.

"ఏం జేద్దామమ్మా, మా అక్క అట్లాంటిది," అన్నాడు గట్టిగా, తలుపు లోపలికి వినపడేంత గట్టిగా.